ఫ్రమ్ తర్వాత ఫైలు పేరు: ఒక వ్యాకరణ సమస్య

గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే వారి నాన్నగారి దగ్గర ఏ రోజు లెక్క ఆ రోజు ఒక సీఎస్వీ ఫైలుగా (కామాలతో విడదీసిన వరుసలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) పోగుపడుతోంది. వాటిని డక్‌డీబీ అనే డేటాబేస్‌లో, డేటాను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌తో అడిగేటప్పుడు ఒక్కోసారి, డేటా ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఫ్రమ్ అనే మాట తర్వాత ఫైలు పేరు కోట్స్‌లో రాస్తే చాలు. ఒక్కోసారి మాత్రం రీడ్_సీఎస్వీ అనే ఫంక్షన్ పిలిచి, దాని కుండలీకరణాల్లో ఇంకేవేవో చేర్చవలసి వస్తోంది. ఎందుకు? డేటాబేస్ రూపకర్తలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా జవాబు చెప్పిన ప్రశ్న ఇది.

వరుసలను ఫలితంగా ఇచ్చి, పట్టిక ఉండవలసిన చోట నిలబడగల ఫంక్షన్‌ను టేబుల్ ఫంక్షన్ అంటారు. నిర్వచనం సులభమే, చిక్కంతా అది ఏ పని ఎప్పుడు చేయాలన్న దానిలో ఉంది. ప్రశ్న అందగానే డేటాబేస్ దానిని అమలు చేయదు. ముందుగా వాక్యాన్ని విడగొట్టి, అందులోని ప్రతి పేరూ ఏ పట్టికలోని ఏ కాలమ్‌దో, దాని టైపు సంఖ్యో, తేదీయో, అక్షరాలో తేల్చుకుంటుంది. దీనిని బైండింగ్ దశ అంటారు. మామూలు పట్టికకు ఈ వివరాలన్నీ, పట్టికను సృష్టించే క్రియేట్ టేబుల్ ఆజ్ఞ రాసిననాడే కేటలాగుకు, అంటే డేటాబేస్ తన పట్టికల వివరాలు రాసుకునే చోటుకు, ఎక్కి ఉంటాయి. ఫైలుకు అటువంటి కేటలాగు లేదు. అందువల్ల టేబుల్ ఫంక్షన్ బైండింగ్ వేళ ఫైలును తెరిచి చూసి కాలమ్‌ల పేర్లూ టైపులూ చెప్పాలి, అమలు వేళ డేటా అందించాలి. 2016 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం పాలీమార్ఫిక్ టేబుల్ ఫంక్షన్లను (పిలుపును బట్టి కాలమ్‌లు మారగల వాటిని) నిర్వచిస్తూ ఈ మొదటి పనిని డిస్క్రైబ్ అనే ప్రత్యేక భాగానికి అప్పగించింది. ఫైలు పేరును మరో పట్టికలోని కాలమ్ నుంచి తెచ్చి ఈ ఫంక్షన్‌కు ఇవ్వడం సాధారణంగా కుదరకపోవడానికి కారణం కూడా ఇదే: ఆ పేరు అమలు మొదలైతే గాని తెలియదు, కాలమ్‌లు మాత్రం అంతకు ముందే తెలియాలి. కళాశాలల్లో డీబీఎంఎస్ ల్యాబు క్రియేట్ టేబుల్‌తో మొదలై ఇన్సర్ట్‌తో సాగిపోతుంది కనుక విద్యార్థికి ఈ దశ కంటపడే అవకాశమే రాదు. నా దృష్టిలో అది పెద్ద లోటు.

సీఎస్వీ ఫైలును బైండింగ్ దశలో చూడటం యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి మచ్చు చూడటం వంటిది. ధర చెప్పే ముందు ఎవరూ టిక్కీ మొత్తం కుమ్మరించరు. పైన కనిపించిన కాయను బట్టి అడుగున ఉన్నదీ అదేనని నమ్ముతారు. డక్‌డీబీ తనంతట తానుగా తీసుకునే మచ్చు 20,480 వరుసలు. రకం అనే కాలమ్‌లో ఆ వరుసలన్నింటా 334, 341, 355 మాత్రమే కనిపించాయనుకుందాం. మిర్చి సంగతి తెలిసినవారికి అవి పేర్లు. మచ్చు చూసిన ఫంక్షన్‌కు అవి అంకెలు. అది ఆ కాలమ్‌ను పూర్ణాంకాలుగా ప్రకటిస్తుంది, ఆ ప్రకటన మీదనే మిగిలిన ప్రశ్న అంతా కట్టబడుతుంది, ఆ తర్వాత ఎక్కడో లోపలి వరుసలో తేజ అనే పేరు ఎదురై అమలు ఆగిపోతుంది. అదే తేజ మొదటి వరుసలోనే ఉంటే కాలమ్ అక్షరాలుగా తేలేది, ప్రశ్న సాఫీగా నడిచేది. ఇంతకన్నా ప్రమాదకరమైనది తేజ అసలే రాని రోజు: రకాల సగటు అడిగినా డేటాబేస్ అభ్యంతరం చెప్పక ఒక సంఖ్య ఇస్తుంది. మచ్చు పరిమాణం పెంచి ఫైలంతా చూడమనవచ్చు. అప్పుడు ఫైలును రెండుసార్లు చదివినట్లవుతుంది. పార్కే అనే మరో రకం డేటా ఫైలుకు ఈ బాధ లేదు. కాలమ్‌ల పేర్లూ టైపులూ దాని చివరి భాగంలోనే రాసి ఉంటాయి.

కాబట్టి మచ్చును కాదనే అధికారం ప్రశ్న రాసేవారికి ఉండాలి, దానికి వాక్యంలో చోటుండాలి. కోట్స్‌లో ఫైలు పేరు మాత్రమే రాసే పద్ధతిలో ఆ చోటు లేదు. క్లిక్‌హౌస్ అనే డేటాబేస్‌లోని ఫైల్ ఫంక్షన్ కాలమ్‌ల వివరమంతటినీ ఒక స్ట్రింగ్‌గా, అంటే కోట్స్‌లోని అక్షరాల వరుసగా, తీసుకుంటుంది. అంటే ఒక భాష లోపల కోట్స్ మధ్య మరో చిన్న భాష. మరో డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్, ఫంక్షన్ పిలుపు ముగిశాక, యాజ్ అనే మాట వెనుక కాలమ్‌ల జాబితా రాయనిస్తుంది. ఇది చదవడానికి హాయిగా ఉంటుంది, కాని జాబితా మొత్తం రాయవలసిందే. డక్‌డీబీలో టైప్స్ అనే పేరుతో ‘రకం’ అనే ఆ ఒక్క కాలమ్‌ను మాత్రమే అక్షరాలుగా ప్రకటించి, మిగిలినవాటిని మచ్చుకు వదిలేయవచ్చు. తప్పు ఎక్కడ జరుగుతుందో తెలిసినవారు అక్కడే సరిదిద్దే వీలునిస్తుంది కనుక ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం.

పేరు పెట్టి విలువ ఇచ్చే గుర్తు విషయంలో మాత్రం నాకు ప్రమాణం చెప్పినదే నచ్చుతుంది. ఫైలు మొదటి వరుసలో కాలమ్‌ల పేర్లున్నాయని చెప్పడానికి హెడర్ = ట్రూ అని రాస్తే, ఎస్‌క్యూఎల్‌లో సమాన గుర్తు అప్పటికే పోలికకు వాడుకలో ఉన్నందున, అది హెడర్ అనే కాలమ్ విలువ నిజమా అని అడిగినట్లూ చదవవచ్చు. హెడర్ => ట్రూ అన్నప్పుడు ఆ సందేహానికి తావుండదు. పోస్ట్‌గ్రెస్ మొదట := వాడి, 9.5 వెర్షన్‌లో => గుర్తును కూడా స్వీకరించింది.

ఆ విద్యార్థికి ఉన్నది ఒక ఫైలు కాదు, రోజుకొకటి. పేరులో తేదీ ఉండే చోట నక్షత్రం గుర్తు పెడితే డక్‌డీబీ అన్నింటినీ ఒకే పట్టికగా చదువుతుంది, అయితే కాలమ్‌లను వాటి వరుసక్రమాన్ని బట్టి జతచేస్తుంది. ఏదో ఒక నెల నుంచి గుమాస్తా బరువుకు ముందు ధర రాయడం మొదలుపెడితే, రెండూ సంఖ్యలే కనుక, క్వింటాళ్లు రూపాయలలో కలిసిపోయినా ఏ హెచ్చరికా రాకపోవచ్చు. యూనియన్_బై_నేమ్ => ట్రూ అని చేరిస్తే జత పేర్లను బట్టి కుదురుతుంది; అందుకు బైండింగ్ దశలోనే ప్రతి ఫైలునూ తెరిచి చూడవలసి ఉంటుంది కనుక, వందల ఫైళ్లున్నప్పుడు జవాబు మొదలుకావడానికి కొంత ఎక్కువ సమయం పడుతుంది.