గాలే కదా!

వరంగల్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎనిమిది నెలలుగా ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇంట్లో మామూలు స్ప్రింగ్ రైఫిల్ ఉంది. జర్మనీ రైఫిల్ కొంటే తప్ప ముందుకు వెళ్లదంటున్నారు. రెండున్నర లక్షలు దాటుతుందట. అంత డబ్బుకు అందులో ఏముందండీ? గాలే కదా!"

అవునమ్మా, గాలే. అయితే ఆ గాలిని ఎప్పుడు నొక్కిపెట్టారు అన్నదాంట్లో ఆ రెండున్నర లక్షల్లో చాలా భాగం ఉంది.

జాతరలోనో తిరునాళ్లలోనో బెలూన్లు కొట్టే తుపాకి మనందరం పట్టుకున్నదే. బ్యారెల్‌ని మధ్యకు వంచుతాం, లోపల స్ప్రింగ్ ముడుచుకుంటుంది. ఆ క్షణానికి అందులో నొక్కిన గాలి ఏమీ లేదు. ట్రిగ్గర్ నొక్కాకే స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి పెల్లెట్‌ని, అంటే చిన్న సీసపు గుండుని, తరుముతుంది. అంటే గురి కుదిరాక, ఊపిరి బిగబట్టాక, అసలు యంత్రం అప్పుడు పని మొదలుపెడుతుంది.

ఇది అర్థం కావడానికి వెదురు తుపాకికి మించిన పాఠం నాకు తెలియదు. బస్తర్‌లో, జగదల్‌పూర్ రథయాత్రకు జరిగే గోంచా పండుగలో దాన్ని తుప్కి అంటారు. వెదురు గొట్టంలో ముందొక కాయ, వెనకొక కాయ. వెనక కాయను పుల్లతో తోస్తే రెండిటి మధ్యా గాలి నలిగి ముందు కాయ 'టప్' మని ఎగురుతుంది. చిన్నప్పుడు నేను తడి కాగితం ముద్దలతో ఇలాంటిదే చేసుకున్నాను, ఎన్నిసార్లు పేల్చానో లెక్కలేదు. అందులో గమనించాల్సింది ఒకటుంది. పుల్ల కదలగానే ముందు ముద్ద కదలదు. గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. లోపలి ఒత్తిడి ఆ పట్టును మించేదాకా అక్కడే కూర్చుంటుంది. అప్పటికి పుల్ల దాదాపు చివరికి వచ్చేసి ఉంటుంది, చెయ్యి మంచి ఊపు మీద ఉంటుంది. అంటే ముద్ద బయలుదేరేది చెయ్యి అన్నిటికన్నా ఎక్కువగా కుదుపుతున్న సమయంలోనే. గురి చూసి కొడదామంటే ఒక్కనాడూ కుదరలేదు. తప్పు నాదని అప్పుడు అనుకున్నాను, కానీ అది గొట్టం స్వభావం.

స్ప్రింగ్ రైఫిల్‌లోనూ జరిగేది ఇదే. లెక్క వేసి చూద్దాం. పిస్టన్ బరువు 300 గ్రాములు, రైఫిల్ మొత్తం మూడున్నర కిలోలు, పిస్టన్ నడక 75 మిల్లీమీటర్లు అనుకోండి. గోదావరిలో పడవ మీద ముందుకు నడిస్తే పడవ వెనక్కి జరుగుతుంది చూశారా, అలాగే పిస్టన్ ముందుకు పోతుంటే రైఫిల్ వెనక్కి జరుగుతుంది. ఎంత? 75ని 0.3తో గుణించి 3.5తో భాగిస్తే సుమారు 6 మిల్లీమీటర్లు. సరిగ్గా వెనక్కే జరిగితే బాధ లేదు. కానీ భుజానికి ఆనే చోటు బ్యారెల్ గీతకు కాస్త కిందుగా ఉంటుంది కనుక మూతి పైకి లేస్తుంది. ఇంతలో ఎదుట నలిగిన గాలి పిస్టన్‌ని వెనక్కి తంతుంది, రైఫిల్ ఈసారి ముందుకు ఉరుకుతుంది. ఈ గుంజాటన నడుస్తుండగానే పెల్లెట్ బ్యారెల్ దాటాలి. పైగా రైఫిల్ ఎటు ఎంత కదులుతుందో మీరు పట్టుకున్న తీరును బట్టి మారుతుంది. చెంప కాస్త గట్టిగా ఆనితే ఒక చోట, మెత్తగా ఆనితే మరో చోట తగులుతుంది.

ఆ నలిగిన గాలి గురించి ఇంకో మాట. బడిలో బాయిల్ నియమం చెప్పి, పరిమాణం పదో వంతయితే ఒత్తిడి పది రెట్లు అని రాయించి వదిలేస్తారు. అది తీరిగ్గా నొక్కినప్పటి మాట. కొన్ని మిల్లీసెకన్లలో నొక్కితే వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. అప్పుడు 10ని 1.4 ఘాతానికి హెచ్చించాలి, ఒత్తిడి 25 రెట్లవుతుంది. 27 డిగ్రీల గాలి దాదాపు 480 డిగ్రీలకు వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే కింది భాగం కాలడం దీని చిన్న రూపమే. 'నూనె చుక్క వేస్తే పవర్ పెరుగుతుంది' అనే నమ్మకం కూడా ఇక్కడే పుట్టింది. ఆ వేడికి నూనె భగ్గున మండుతుంది, డీజిల్ ఇంజన్‌లో జరిగేది అదే. చప్పుడు, పొగ, వేగం అన్నీ పెరుగుతాయి. గాలి బయటికి పోకుండా పిస్టన్‌కి ఉండే సీలు పాడవుతుంది, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన ఉండదు. ఆయుధ పూజ రోజున రైఫిల్‌కి బొట్టు పెట్టుకోండి, ఆ గౌరవం నాకూ ఇష్టమే. అయితే కుంకుమ భుజానికి ఆనే కర్ర మీదే ఉండాలి, మూతి దగ్గరికి రాకూడదు.

ఈ గుంజాటన వదిలించుకోవడానికే జర్మనీ వాళ్లు దశాబ్దాలు కష్టపడ్డారు. 1960లలో ఫైన్‌వెర్క్‌బావ్ అనే కంపెనీ బ్యారెల్‌ని, పిస్టన్‌ని కలిపి పట్టాల మీద జారనిచ్చి, భుజానికి ఆనే కర్రను మాత్రం కదలకుండా ఉంచింది. ఇప్పటి మ్యాచ్ రైఫిల్, అంటే పోటీలకు వాడేది, అసలు ఆ గొడవే పెట్టుకోదు. గాలిని ముందే 200 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లకు, సిలిండర్‌లో నింపి ఉంచుతారు. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని దించి ప్రతి దెబ్బకూ ఒకే మోతాదు అందిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే చిన్న సుత్తి ఒక వాల్వుని తడుతుంది, అంతే. వెదురు తుపాకిలో పుల్ల తోసే పని నిన్నే ఎవరో చేసి వెళ్లిపోయారు, ఈరోజు మీరు కాయను వదిలితే చాలు. ఇక కదిలే బరువు అర గ్రాము పెల్లెట్, దాని వెనక కాస్త గాలి, ఆ సుత్తి. ఆ కొంచెం తన్నును కూడా ఎదురు బరువుతో మింగేసే అబ్సార్బర్లు ఉన్నాయి.

ఇంత ఖరీదు పెట్టి కొన్నదానికి శక్తి ఎక్కువేమీ ఉండదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే ఏడున్నర జౌళ్లకు కాస్త పైన. 2016 ఆయుధ నియమాల ప్రకారం మన దేశంలో 20 జౌళ్లు దాటినా, బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. మ్యాచ్ రైఫిల్ ఆ గీత దరిదాపులకు కూడా వెళ్లదు. దుకాణంలో సెకనుకు ఎన్ని అడుగులు అని అడిగేవాళ్లు చూస్తున్నది లక్ష్యాన్ని కాదు. పిట్టల్ని కొట్టడానికి అడిగేవాళ్లకైతే ఒకటే చెబుతాను, వద్దు. 2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో మొదలైన ఎయిర్‌గన్ అప్పగింత కార్యక్రమంలో జనం తమ తుపాకుల్ని తామే తెచ్చి ఇచ్చారు. ఆ వార్త చదివి నేను సంతోషించాను.

ఇక లక్ష్యం. పది మీటర్ల దూరంలో పది పాయింట్లిచ్చే నడిమి వలయం అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంచు దాన్ని తాకినా చాలు కనుక, పెల్లెట్ మధ్య బిందువు కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. భుజం నుంచి మూతి ఒక మీటరు అనుకుంటే మూతి దగ్గర పావు మిల్లీమీటరు, అంటే శుభలేఖ అట్ట మందం. లక్ష్యం మీద ఆ రెండున్నర మిల్లీమీటర్ల నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకూ 0.1 పాయింటు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. వెండి పతకం 701.5కి వెళ్లింది. ఆ 0.4 తేడాను దశాంశ లెక్కలో కొలిస్తే ఒక్క మిల్లీమీటరు.

అలాగని ఆ తల్లికి 'కొనెయ్యండి' అని చెప్పానా? లేదు, ముందు కాల్చిన లక్ష్యపు కార్డులు రెండు పంపమన్నాను. ఒకటి, రైఫిల్‌ని మెత్తటి ఆనువు మీద పెట్టి కాల్చినది. రెండోది, అమ్మాయి నిలబడి కాల్చినది. ప్రతి దెబ్బా గుంపు కేంద్రానికి ఎంత దూరం పడిందో కొలిచి సగటు తీశాను. దీన్ని చెదురు అందాం. ఆనువు మీద చెదురు 2.5 మిల్లీమీటర్లు, అది రైఫిల్‌ది, పెల్లెట్లది. నిలబడితే 8.

ఇక్కడ 8లోంచి 2.5 తీసెయ్యడం తప్పు. ఒకదానితో ఒకటి సంబంధం లేని చెదుర్లు మామూలు కూడికలో కలవవు, లంబకోణ త్రిభుజం భుజాల్లా కలుస్తాయి. మొత్తం చెదురు కర్ణం. పైథాగరస్‌ని గోడకు ఆనించిన నిచ్చెన దగ్గరే ఆపేస్తారు మన బళ్లలో. తప్పులు ఎలా కలుస్తాయో చెప్పేది కూడా ఆయనేనని ఎవరైనా చెబితే ఎంత బాగుండేది! 64లోంచి 6.25 తీసి వర్గమూలం కడితే 7.6. అది అమ్మాయి సొంత చెదురు. ఇప్పుడు 0.7 చెదురున్న మ్యాచ్ రైఫిల్ చేతికిస్తే మొత్తం 7.63 అవుతుంది. లక్షలు పోస్తే తగ్గేది 0.37 మిల్లీమీటరు. అరవై దెబ్బల మ్యాచ్‌లో పెరిగేది దాదాపు తొమ్మిది పాయింట్లు.

అదే అమ్మాయి సొంత చెదురు 3కి దిగాక చూడండి. పాత రైఫిల్‌తో 3.9, కొత్తదానితో 3.08. అరవై దెబ్బల్లో దాదాపు ఇరవై పాయింట్లు.

పాయింట్లకన్నా నాకు ముఖ్యమనిపించింది వేరే ఉంది. ఈరోజు ఆమె మొత్తం చెదురు వర్గంలో రైఫిల్ వాటా పదో వంతే. దెబ్బ పక్కకి పోతే తప్పు తనదేనని దాదాపు నమ్మకంగా దిద్దుకోవచ్చు. సొంత చెదురు 3 అయిన రోజున ఆ వాటా అయిదింట రెండు. అప్పుడు తప్పు ఎవరిదో తెలియక, చెయ్యని తప్పును కూడా దిద్దుకోబోయి కుదిరిన గురిని పాడుచేసుకుంటుంది. ఖరీదైన రైఫిల్ కావలసింది అప్పుడు. నిజానికి స్ప్రింగ్ రైఫిల్‌లో రెండు చెదుర్లకూ కొంత సంబంధం ఉంటుంది, పట్టును బట్టి రైఫిల్ కదులుతుంది కనుక. అందుకే మూడు దాకా ఆగమనను, నాలుగు చాలంటాను.

ఆమెకు ఇలా రాశాను. అమ్మా, ఈ ఏడాది శిక్షణ కేంద్రంలోని సిలిండర్ రైఫిల్ గంటల లెక్కన తీసుకోండి. ముందు జాకెట్టు, బూట్లు కొనండి, నిలబడినప్పటి చెదురును తగ్గించేవి అవే. 4.49 నుంచి 4.52 దాకా తల కొలతలున్న పెల్లెట్లు నాలుగు డబ్బాలు తెప్పించి, ఆనువు మీద ఏది దగ్గరగా పడుతుందో చూడండి. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోమనండి, అది సీసం. ఎవరైనా పాత రైఫిల్ చవకగా ఇస్తామంటే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. గడువు తీరినదాన్ని పోటీలో అనుమతించరు, ఇంట్లో కూడా వాడకూడదు. అమ్మాయి చెదురు నాలుగు మిల్లీమీటర్లకు దిగిన రోజున రెండు కార్డులూ మళ్లీ పంపండి.