బ్యాటరీని డిక్కీలోకి మార్చాలనుకుంటున్నారా? అపోహలు - వాస్తవాలు

బ్యాటరీని బానెట్ కింద నుంచి డిక్కీలోకి మార్చాలనుకునే వాళ్లు మొదట అడిగేది "ప్లస్ కేబుల్ ఎన్ని మీటర్లు పడుతుంది?" అని. నేను మాత్రం, కరెంటు తిరిగి బ్యాటరీకి ఏ దారిన వస్తుందో ముందు చూసుకోమంటాను. ఇలా మార్చాక ఇబ్బంది పెట్టి నా దగ్గరికి వచ్చిన బళ్లలో చాలావాటికి జబ్బు ఆ తిరుగు దారిలోనే ఉంది.

అపోహ: బాడీ అంతా ఇనుమే కదా, మైనస్ ఎక్కడ బిగించినా ఎర్త్ అవుతుంది.

బాడీ కరెంటును మోస్తుంది, నిజమే. కానీ పెయింటు మీద లగ్గు (కేబుల్ కొసన ఉండే లోహపు రింగు) బిగిస్తే కరెంటు పోయేది బోల్టు మరల్లోంచి మాత్రమే. లైట్లకు అది చాలినా సెల్ఫ్ మోటారుకు చాలదు. లగ్గు కూర్చునే చోట లోహం మెరిసేదాకా గీకాలి, బిగించాక తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయాలి. ఎర్త్ కేబుల్ కూడా ప్లస్ కేబుల్ అంత లావు ఉండాలి.

ఎక్కువమంది మరిచిపోయేది ఇంకోటి ఉంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకి నేరుగా తగలదు. బ్యాటరీ ముందున్నప్పుడు మైనస్ కేబుల్ చాలా బళ్లలో ఇంజిన్‌కో గేర్‌బాక్సుకో వెళ్తుంది. బ్యాటరీతో పాటు దాన్నీ పీకేస్తారు.

అలాంటి కారొకటి నా దగ్గరికి వచ్చింది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, యాక్సిలరేటర్ బిగుసుకుపోతోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులని ఓనరు అనుకున్నారు. బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టమని, యాక్సిలరేటర్ కేబుల్ మీద వేలు పెట్టాను. చుర్రుమంది. లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అంటుకుపోయింది. ఇంజిన్‌కు ఎర్త్ పట్టీ లేకపోవడంతో సెల్ఫ్ కరెంటు ఆ సన్నని కేబుల్‌లోంచే బాడీకి చేరుతోంది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య లావు పట్టీ వేసి, కేబుల్ మార్చితే రెండు జబ్బులూ ఒకేసారి పోయాయి.

అపోహ: చాలా బళ్లలో సెల్ఫ్ కేబుల్‌కు కంపెనీ వాళ్లే ఫ్యూజు పెట్టరు, మనకెందుకు?

బ్యాటరీ ముందుంటే ఆ కేబుల్ బారెడు కూడా ఉండదు. ఇప్పుడది నాలుగైదు మీటర్లు, సీట్ల కింద, కార్పెట్ కింద, రేకు అంచుల పక్కనుంచి వెళ్తోంది. ఎక్కడ ఒరుసుకుని తొడుగు తెగినా బ్యాటరీ వందల ఆంపియర్లు, ఒక్కోసారి వెయ్యికి పైనే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. తాళం తీసేసినా ఆగదు, ఎందుకంటే ఆ కేబుల్‌కు తాళంతో సంబంధం లేదు. అందుకే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. బానెట్ వైపు పెడితే మధ్యలో ఉన్న కేబుల్‌కు ఏ రక్షణా ఉండదు. ఫ్యూజు రేటింగు సెల్ఫ్ లాగే కరెంటును తట్టుకోవాలి, కేబుల్ కాలిపోయే కరెంటుకు చాలా ముందే తెగిపోవాలి. రేకులోంచి దూర్చే ప్రతి రంధ్రానికీ అంచుకు కేబుల్ ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వేయాలి. బ్యాటరీని వెనక పెట్టే కొన్ని బీఎండబ్ల్యూ కార్లలో, ప్రమాదం జరిగితే చిన్న పేలుడు మందుతో ప్లస్ టెర్మినల్ దగ్గరే సెల్ఫ్ కేబుల్‌ను విడగొట్టేస్తారు. ఈ కేబుల్‌ను వాళ్లు అంత సీరియస్‌గా తీసుకుంటారు.

అపోహ: పాత కేబుల్‌కే ఇంకో ముక్క అతికితే సరిపోతుంది.

పొడవు పెరిగితే లావూ పెరగాలి. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగుతుందనుకోండి. 5 మీటర్ల 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్‌లో ఒక వోల్టు పైగా దారిలోనే పోతుంది. అదే 50 స్క్వేర్ ఎంఎం అయితే సుమారు 0.35 వోల్టు. కొనేటప్పుడు కొసను గీకి చూడండి. రాగి పూత పూసిన అల్యూమినియం అయితే అదే పనికి ఒకటిన్నర రెట్లకు మించిన స్క్వేర్ ఎంఎం కావాలి.

అపోహ: ఏజీఎం బ్యాటరీకి గాలి గొట్టం అక్కర్లేదు.

ఏజీఎం అంటే యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో ఇంకించి, మూసేసిన బ్యాటరీ. దానికీ సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఓవర్‌చార్జ్ అయితే అదీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం చేరితే అంటుకునే వాయువు అది. బ్యాటరీ నుంచి గొట్టాన్ని కారు బయటికి పెట్టండి.

అపోహ: కిల్ స్విచ్ (బ్యాటరీని విడదీసే స్విచ్) తిప్పితే ఇంజిన్ ఆగిపోతుంది.

బ్యాటరీని విడదీసినా ఆల్టర్నేటర్ ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఇంజిన్ తిరుగుతూనే ఉండొచ్చు. పైగా చార్జింగ్ మధ్యలో బ్యాటరీ ఊడితే వోల్టేజీ ఒక్కసారి ఎగసి కారు కంప్యూటర్‌ను కాల్చేయొచ్చు. ఇగ్నిషన్‌నూ కలిపి కట్ చేసే అదనపు కాంటాక్టులున్న స్విచ్చే వాడాలి.

అపోహ: స్టార్ట్ అయింది కాబట్టి వైరింగ్ బాగానే ఉంది.

కొత్త బ్యాటరీ మీద చెడ్డ ఎర్త్ కూడా కొన్నాళ్లు నడుస్తుంది. అందుకే కొలిచి చూడాలి. ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, పొడవాటి వైరు కలిపిన రెండోది ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టు లోపు చూపిస్తే సరే. అర వోల్టు దాటితే ఒక్కో జాయింటు దగ్గర విడివిడిగా కొలుస్తూ పోండి, వోల్టేజీని తినేస్తున్న జాయింటు దొరికేస్తుంది. ప్లస్ వైపు కూడా కొలిచే పద్ధతి ఇదే, బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు దాకా.