స్పీకర్లు పెంచితే హోమ్ థియేటర్ పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

ఇంట్లో 5.1 హోమ్ థియేటర్ ఉంది, అంటే ముందు మూడు, పక్కన రెండు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్. షాపులో ఇంకో జత స్పీకర్లు మంచి ధరకి దొరికాయి. తెచ్చి, వెనక ఉన్న వైర్లకే కలిపేస్తే 7.1 (వెనక ఇంకో రెండు స్పీకర్లు) అయిపోతుందని చాలామంది లెక్క. రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సిగ్నల్ పంచి నడిపే పెట్టె) డిస్‌ప్లే మీద 'ప్రొటెక్ట్' అని వెలిగి సిస్టమ్ ఆగిపోయేది ఇలాంటి కనెక్షన్ల దగ్గరే. కాబట్టి పర్సు తీసే ముందు ఒక పని చేయండి: రిసీవర్ని ముందుకి జరిపి, వెనక ప్యానెల్‌ని అక్షరాలు కనిపించేలా ఫొటో తీసుకోండి. కింద చెప్పే సంగతుల్లో సగానికి జవాబు ఆ ఫొటోలోనే ఉంటుంది.

అపోహ: ఉన్న టెర్మినల్స్‌కే ఇంకో జత కలిపితే 7.1 అవుతుంది.

7.1లో వెనక స్పీకర్లకి వేరే సిగ్నల్ వెళ్లాలి. దాన్ని విడదీసే డీకోడరూ, స్పీకర్‌ దాకా మోసే ఆంప్లిఫయరూ రెండూ ఉండాలి. 5.1 రిసీవర్‌లో స్పీకర్లని నడిపే ఆంప్ ఛానెళ్లు ఐదే. ఆ '.1' అనేది సబ్‌వూఫర్‌కి వెళ్లే లైన్ సిగ్నల్, దానికి లోపల పవర్ ఉండదు. పాత జతకే కొత్త జత కలిపితే అదే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తుంది, అంతకుమించి లాభం లేదు.

పైగా ఆంప్ మీద భారం పెరుగుతుంది. స్పీకర్ కరెంటుకి ఇచ్చే అడ్డు (ఇంపీడెన్స్) ఓమ్‌లలో చెబుతారు, అది తగ్గేకొద్దీ ఆంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పారలల్‌గా (రెండూ ఒకే టెర్మినల్ జతకి) కలిపితే 4 ఓమ్‌లు అవుతుంది. 6 ఓమ్‌లవి రెండైతే 3. మూడు 8 ఓమ్‌లవి కలిపితే 2.7. రిసీవర్ వెనక టెర్మినల్స్ పక్కన '6-16 ఓమ్‌లు' అని రాసి ఉంటే, 3 ఓమ్‌ల లోడ్ పెట్టినప్పుడు అది ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. చిన్న వాల్యూమ్‌లో ఏమీ తెలియదు. ఫైట్ సీను రాగానే టప్పుమని రిలే (లోపలి రక్షణ స్విచ్) పడి సౌండ్ ఆగిపోతుంది. అదే పనిగా ఆన్ చేస్తూ పోతే చివరికి పోయేవి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లే.

సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపితే ఓమ్‌లు పెరుగుతాయి కాబట్టి ఆంప్‌కి ప్రమాదం లేదు. కానీ స్పీకర్ ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. వేర్వేరు మోడళ్లు సిరీస్‌లో పెడితే ఒకదాని స్వరాన్ని ఇంకొకటి మార్చేస్తుంది. తప్పనిసరైతే ఒకే మోడల్ జతతోనే చేయాలి.

స్టీరియో ఆంప్‌ల మీద ఉండే 'ఎ+బి' స్విచ్ కూడా ఎక్కువ మోడళ్లలో పారలల్ కనెక్షనే. అందుకే అక్కడ 'ఎ లేదా బి: 4 ఓమ్‌లు, ఎ+బి: 8 ఓమ్‌లు' అని విడివిడిగా రాస్తారు. రెండో అంకె అర్థం, ప్రతి స్పీకరూ కనీసం 8 ఓమ్‌లది ఉండాలని.

మరి సరైన దారి? ఫొటోలో 'సరౌండ్ బ్యాక్' లేదా 'హైట్' అని ఇంకో జత టెర్మినల్స్ ఖాళీగా ఉంటే మీది 7 ఛానెళ్ల రిసీవరే. స్పీకర్లు అక్కడ పెట్టి, సెటప్ మెనూలో 'ఆంప్ అసైన్' దగ్గర ఆ జతని ఎందుకు వాడుతున్నారో చెప్పాలి. ఈ ఒక్క మార్పు మర్చిపోయి, కొత్త స్పీకర్లు పలకడం లేదని కంగారు పడేవాళ్లున్నారు. ఆ జత జోన్ 2కో (ఇంకో గదికి) బై-ఆంప్‌కో (ముందు స్పీకర్లకే అదనపు ఆంప్‌గా) కేటాయించి ఉంటే సరౌండ్ సిగ్నల్ అటు రాదు. టెర్మినల్స్ లేకుండా 'ప్రీ-అవుట్' (పవర్ లేని లైన్ సిగ్నల్ ఇచ్చే) సాకెట్లు ఉండి, ఆ ఛానెళ్లని రిసీవర్ ప్రాసెస్ చేయగలిగితే, విడిగా ఒక స్టీరియో పవర్ ఆంప్ పెట్టుకోవచ్చు. 9 ఛానెళ్లకి పవర్ ఇచ్చి 11 ఛానెళ్లు ప్రాసెస్ చేసే రిసీవర్లు ఇందుకే ఉన్నాయి. ఇవేవీ లేకపోతే రిసీవర్ మార్చాల్సిందే, వేరే కిటుకు లేదు.

అపోహ: డబ్బా సెట్‌తో వచ్చిన స్పీకర్లన్నీ కొత్త రిసీవర్‌కి పనికొస్తాయి.

డీవీడీ ప్లేయర్‌తో కలిపి ఒకే పెట్టెలో వచ్చిన సెట్లలో శాటిలైట్ స్పీకర్లు (సబ్ కాకుండా మిగతా చిన్నవి) చాలావరకు 3 లేదా 4 ఓమ్‌లవి. స్పీకర్ వెనక స్టిక్కర్ చూడండి. స్టిక్కర్ ఊడిపోతే వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి అసలు రేటింగ్ కన్నా కొంచెం తక్కువే వస్తుంది: 6 దగ్గర చూపిస్తే 8 ఓమ్‌ల స్పీకర్, 3కి అటూఇటూ చూపిస్తే 4 ఓమ్‌లది అనుకోవచ్చు. 3 దగ్గర గానీ అంతకన్నా తక్కువ గానీ చూపిస్తే 6 ఓమ్‌లు కనీసంగా అడిగే రిసీవర్‌ జోలికి తీసుకెళ్లొద్దు.

సబ్‌వూఫర్ సంగతి ఇంకా తిరకాసు. వెనక కరెంటు ప్లగ్ లేకపోతే అది పాసివ్ సబ్, అంటే లోపల సొంత ఆంప్ లేనిది. రిసీవర్ 'సబ్ అవుట్' నుంచి వచ్చే లైన్ సిగ్నల్‌తో అది కదలదు, మధ్యలో దానికో ఆంప్ కావాలి. ఆ ఆంప్ ఖర్చు వేసుకుంటే కొత్త పవర్డ్ సబ్ కొనడమే మేలనిపిస్తుంది. పాత సబ్‌ని ఎవరికైనా ఇచ్చేయండి.

అపోహ: వాట్లు ఎక్కువుంటే సౌండ్ ఎక్కువ.

డబ్బా మీద 10,000 వాట్లు పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠం పేరుతో వేసే ప్రచారపు అంకె) అని ఉంటే ఆ అంకెని మర్చిపోండి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగలిగే పవర్) చూడండి, అదీ ఎన్ని ఛానెళ్లు నడుస్తుండగా, ఎన్ని ఓమ్‌లకి, ఎంత డిస్టార్షన్ (శబ్దం చెడటం) దగ్గర కొలిచారో చూడండి. ఒకే ఛానెల్, 6 ఓమ్‌లు, 10 శాతం డిస్టార్షన్ దగ్గర 150 వాట్లు అన్న రిసీవర్, రెండు ఛానెళ్లు, 8 ఓమ్‌లు, 0.1 శాతం లోపు అంటే 80 దగ్గరికి దిగొచ్చు.

పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల పవర్. కాబట్టి స్పీకర్ కొనేటప్పుడు వాట్ల కన్నా సెన్సిటివిటీ (అంతే పవర్‌కి ఎంత మోత ఇస్తుందన్న అంకె) ముందు చూడాలి. 85 డెసిబెల్స్ స్పీకర్‌కి 100 వాట్లిస్తే వచ్చే మోత, 91 డెసిబెల్స్ స్పీకర్‌కి 25 వాట్లకే వస్తుంది.

అపోహ: 5.1 తర్వాత మెట్టు 7.1, ఆ తర్వాతే అట్మాస్ (పై నుంచీ శబ్దం వచ్చే పద్ధతి).

7 ఛానెళ్ల రిసీవర్‌తో ఆ రెండు స్పీకర్లు వెనక పెట్టొచ్చు, పైనా పెట్టొచ్చు. ఏది మేలన్నది సోఫా ఎక్కడుందో చెబుతుంది. 7.1లో పక్క స్పీకర్లు ముందు నుంచి లెక్కేస్తే 90 నుంచి 110 డిగ్రీల దగ్గర, వెనకవి 135 నుంచి 150 డిగ్రీల దగ్గర ఉండాలి. సోఫా వెనక కనీసం నాలుగడుగుల జాగా లేకపోతే ఆ కోణం కుదరదు. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో సోఫా గోడకి ఆనించే ఉంటుంది. అక్కడ తల వెనక అరడుగు దూరంలో స్పీకర్ పెడితే చెవిలో అరిచినట్టుంటుంది తప్ప సరౌండ్ కాదు. అలాంటి గదికి 5.1.2 (చివరి 2 అంటే పైన పెట్టే జత) పెట్టుకోండి, వెనక్కి చూడకండి.

పైన పెట్టే జత సరిగ్గా నెత్తిమీదా వద్దు, టీవీ పైనా వద్దు. సీలింగ్ 10 అడుగులు, కూర్చుంటే చెవి మూడుంపావు అడుగుల ఎత్తులో ఉందనుకోండి. మధ్యలో మిగిలేది 6.75 అడుగులు. కూర్చునే చోటికి అడుగు ముందుకి, ముందు ఎడమ కుడి స్పీకర్లకి వరసలో పెడితే 80 డిగ్రీల కోణం వస్తుంది. 65 నుంచి 100 డిగ్రీల మధ్య ఎక్కడైనా పనిచేస్తుంది. అక్కడ సీలింగ్ ఫ్యాన్ అడ్డొస్తే స్పీకర్లు కొంచెం ముందుకి జరపండి. రెక్కల మీదుగా వచ్చే శబ్దం తెగితెగి వినిపిస్తుంది.

సీలింగ్ తవ్వడం ఇష్టం లేక పైకి చూసే 'అప్-ఫైరింగ్' స్పీకర్లు కొంటుంటారు. అవి సీలింగ్ నుంచి తిరిగొచ్చే శబ్దం మీద ఆధారపడతాయి. సీలింగ్ చదునుగా, గట్టిగా ఉండాలి, ఎత్తు ఏడున్నర నుంచి 12 అడుగుల లోపు ఉంటే మంచిది. స్లాబు, చదునైన పీవోపీ సీలింగ్ పర్వాలేదు. పెంకుటిల్లు, ఏటవాలు రేకులు, లోతైన డిజైన్లు చెక్కిన ఫాల్స్ సీలింగ్ అయితే డబ్బు దండగ.

పక్క స్పీకర్లని గోడ పైకి ఎక్కించే అలవాటు 5.1లో చెల్లుతుంది, చెవికి అడుగు, రెండడుగులు పైన ఉన్నా ఫర్వాలేదు. అట్మాస్‌కి వెళ్లాక వాటిని చెవి ఎత్తుకి దగ్గరగా దించాలి. లేదంటే పై జతకీ పక్క జతకీ తేడా తెలియదు.

అపోహ: వైరు ఏదైనా ఒకటే. లేదా, వైరు మీదే నాణ్యతంతా.

రెండూ తప్పే, లెక్క చాలా తేలిక. వైరు రానూపోనూ రెసిస్టెన్స్, స్పీకర్ ఇంపీడెన్స్‌లో 5 శాతం దాటకూడదు. 8 ఓమ్‌లకి 0.4 ఓమ్, 4 ఓమ్‌లకి 0.2. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరు పొడవుకి రానూపోనూ 0.023 ఓమ్ పడుతుంది. 15 మీటర్లకి 0.35, అంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి చాలు. అదే 4 ఓమ్‌ల స్పీకరైతే 8 మీటర్లు దాటగానే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి వెళ్లాలి. డబ్బా సెట్లతో వచ్చే సన్న వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లదైనా 15 మీటర్లకి ఒక ఓమ్ తినేస్తుంది.

కోఠి గుజరాతీ గల్లీలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా వైరు కొనేటప్పుడు 'సీసీఏ' అని ఉందేమో చూడండి. అది రాగి పూత పూసిన అల్యూమినియం, రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్ల పైనే. కొస గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. వాడొచ్చు, కానీ ఒక సైజు పెద్దది తీసుకోండి.

వైర్లు ఫాల్స్ సీలింగ్ పని మొదలుకాకముందే లాగించాలి. కరెంటు వైర్లున్న పైపులో వేయొద్దు, వేరే పైపు వేయించి, రెండు చివర్లా మీటరు చొప్పున మిగులు వదలండి. టెర్మినల్ దగ్గర 10-12 మిల్లీమీటర్లే ఒలిచి, పోగులు మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ని తాకినా అదే 'ప్రొటెక్ట్' వస్తుంది.

అపోహ: వైర్‌లెస్ స్పీకరైతే ఈ గొడవలేవీ ఉండవు.

సిగ్నల్ వైరు పోతుంది, కరెంటు వైరు వస్తుంది. స్పీకర్ దగ్గర ప్లగ్ పాయింట్ ఉందా అన్నది ముందు చూడండి. మామూలు బ్లూటూత్ స్పీకర్‌ని సరౌండ్‌గా వాడలేరు, అందులో ఆలస్యం ఉంటుంది, సరౌండ్ ఛానెల్‌ని విడిగా పంపే దారీ లేదు. సౌండ్‌బార్‌కి వెనక స్పీకర్లు కలపాలంటే ఆ మోడల్‌కి ఆ కంపెనీయే ఇచ్చే కిట్ ఒక్కటే పనిచేస్తుంది.

అపోహ: సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టినా ఒకటే, రెండోది మోత కోసమే.

12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర నిలిచిపోయే తరంగం ఏర్పడుతుంది. గోడల దగ్గర బేస్ దంచేస్తుంది, సరిగ్గా మధ్యలో కూర్చున్నవాడికి ఆ స్వరమే వినపడదు. వాల్యూమ్ పెంచితే ఆ గుంట పూడదు. ఎదురెదురు గోడల మధ్య బిందువుల దగ్గర ఒక్కోటి చొప్పున రెండు సబ్‌లు పెడితే ఆ తరంగం చాలామటుకు అణిగి, సోఫాలో అందరికీ ఒకేలా వినిపిస్తుంది. రెండో సబ్ విలువ అక్కడుంది. రిసీవర్ మీద '7.2' అని ఉన్నా తక్కువ ధర మోడళ్లలో రెండు సాకెట్లకీ ఒకే సిగ్నల్ వెళ్తుంది, కాబట్టి '.1' రిసీవరైనా వై-కేబుల్‌తో (ఒక సాకెట్‌ని రెండుగా చీల్చే వైరు) పని నడుస్తుంది.

ఒక్క సబ్బే ఉంటే దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద తిరగండి. బేస్ బిగువుగా, సమంగా వినిపించిన చోటికి సబ్‌ని మార్చండి.

కొత్త సబ్ పెట్టగానే గుమ్మని మోగుతుంటే ముందుగా సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం), ఆ కేబుల్ వైరుకి ఐసొలేటర్ (ఆ రెండో దారిని తెంచే పరికరం) పెట్టాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి.

అపోహ: అన్నీ ఒకే బ్రాండ్ ఉండాలి.

ముందు మూడూ ఒకే సిరీస్‌వి ఉండాలి, ముఖ్యంగా సెంటర్. డైలాగ్ ఎడమ నుంచి కుడికి నడిచేటప్పుడు గొంతు మారితే వెంటనే పట్టేస్తాం. పక్క, పై స్పీకర్లకి అంత పట్టింపు అక్కర్లేదు.

అపోహ: మైక్ పెట్టి ఆటో సెటప్ చేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

కొత్త స్పీకర్ కలిపిన ప్రతిసారీ ఆటో సెటప్ (రిసీవర్ మైక్‌తో విని స్పీకర్లని తనే సర్దుకోవడం) మళ్లీ చేయాల్సిందే. ఫ్యాన్, ఏసీ ఆపి, మైక్‌ని సోఫా వీపు మీద కాకుండా స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టండి. సబ్ వెనక వాల్యూమ్ సగంలో, ఫిల్టర్ గరిష్ఠంలో ఉంచండి. అయ్యాక మెనూలో రెండు చూడండి. స్పీకర్లు 'లార్జ్' అని పడితే 'స్మాల్' చేసి క్రాసోవర్ (దీని కింది బేస్ సబ్‌కి వెళ్లే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి, మూడంగుళాల శాటిలైట్లకైతే 120 నుంచి 150. సబ్ దూరం మాత్రం టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది సబ్ లోపలి ఆలస్యాన్ని కలిపి వేసిన లెక్క, దాన్ని దిద్దకండి.

ఏదైనా స్పీకర్ మీద 'ఫేజ్' (ప్లస్ మైనస్ తారుమారయ్యాయన్న) ఎర్రర్ వస్తే పెన్సిల్ సెల్ తీసుకోండి. రిసీవర్ ఆపి, ఆ స్పీకర్ వైర్లు రిసీవర్ చివర విప్పి, ప్లస్ వైరుని సెల్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. జాలీ తీసేసిన వూఫర్ కోన్ బయటికి కదిలితే వైరింగ్ సరైనదే, ఆ ఎర్రర్ని స్కిప్ చేసేయొచ్చు. లోపలికి పోతే ఎక్కడో ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. ఈ పరీక్ష పవర్డ్ సబ్‌కి చేయకూడదు.