మనిషి మూత్రానికి జింకలు జడుస్తాయా? వెలిగొండ వారన వినబడే అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారాంపురం, మర్రిపాడు మండలాల్లో వెలిగొండల వారగా చేలున్న రైతులతో నేను 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అడవి జంతువులు పంటకు చేసిన నష్టాన్ని లెక్కగట్టడం, ఏ చేనుకు ఏ రక్షణ తగినదో చెప్పడం నా వృత్తి. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లోనూ, కంది పూతకు వచ్చే రోజుల్లోనూ ఫోను మోగిందంటే రాబోయే ప్రశ్న నాకు ముందే తెలిసిపోతుంది: "సార్, గట్టు చుట్టూ మనిషి ఉచ్చ పోస్తే దుప్పులు రావంట, నిజమేనా?" ఈ ఏడాది ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది. విదేశీ వేటగాళ్ల వీడియోలకు ఎవరో తెలుగు వ్యాఖ్యానం తగిలించి ఫోన్లలో పంచుతున్నారు. ఆ వేటగాళ్లు వాసన లేని సబ్బుతో బట్టలు ఉతుక్కుంటారు, మంచె మీద ఉన్నంతసేపూ మూత్రం నేల మీద పడకుండా సీసాలో పట్టుకుంటారు. అది చూసిన మన రైతు, జింక ఆ వాసనకు అంతగా జడిసేటట్లయితే చేను చుట్టూ దాన్ని ఉంచితే చాలు గదా అనుకోవడంలో వింతేమీ లేదు. వినడానికి సబబుగా ఉన్న ఈ తర్కానికి పునాదిలోనే తప్పుంది, ఆ తప్పుకు ఖరీదు కడుతున్నది మాత్రం వీడియో పంచినవాడు కాక చేను వేసినవాడు.

అపోహ: మనిషి మూత్రం చల్లిన గట్టును దుప్పి (చుక్కల జింక), కణితి (సాంబరు), జింక దాటవు.

వాస్తవం: దాటుతాయి. మొదటి రెండు మూడు రాత్రులు ఆగి, వాసన చూసి, అనుమానపడి, ఆ తరువాత మామూలుగా దాటుతాయి.

ఇక్కడ మనవాళ్లు రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నారు. బతికి ఉన్న మనిషి ఒంటి వాసన గాలిలో వచ్చి ముక్కుకు తగిలితే జింక కచ్చితంగా బెదురుతుంది, ఎందుకంటే ఆ వాసన వెనక మనిషి అప్పుడే, అక్కడే ఉన్నాడని దానికి తెలుసు. నేలలో ఇంకిపోయిన మూత్రం అటువంటి సమాచారాన్ని ఇవ్వదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సీతారాంపురం దగ్గరి ఒక పల్లెలో ఎనభై ఏళ్ల పెద్దాయన ఉండేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు, తమ వయసు రోజుల్లో వేటకు వెళ్లినవారు. వేట మానేసి అప్పటికే చాలా ఏళ్లయినా అడవి సంగతులు నాకు ఓపికగా చెప్పేవారు. "గాలి నీ వీపుకు తగిలిందంటే ఇంక ఇంటికి పో అబ్బయా, ఆ పూట నీకు ఏమీ కనబడదు" అనేవారు. చిటికెడు బూడిద గాలిలో వదిలి అది ఎటు పోతుందో చూసి అడుగు వేసేవారట. మూత్రం గురించి నేను అడిగితే ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. దుప్పి నీటిమడుగు పక్కన మనుషులు, పశువులు, కుక్కలు అందరూ పోసిపోతూనే ఉంటారు గదా, అది నీళ్లు తాగడం మానుకుందా అని నన్నే తిరిగి అడిగారు.

కొండవారన గాలి నడిచే తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాత్రి పూట ఆకాశం తేటగా ఉన్నప్పుడు కొండ వాలు త్వరగా చల్లబడి, బరువెక్కిన చల్లగాలి వాలు వెంట కిందికి, అంటే మన చేల వైపుకు జారుతుంది. వెలిగొండలు మనకు పడమట ఉన్నాయి కనుక వానకాలపు పడమటి గాలి కూడా కొండ నుంచి చేల మీదికే వీస్తుంది. దుప్పుల మంద కొండ దిగి వచ్చేటప్పుడు గాలి వాటి వెనక నుంచి మన వైపుకు వస్తుంటుంది కాబట్టి, గట్టు మీద మీరు ఏమి పోసినా ఆ వాసన గట్టు చేరేదాకా వాటి ముక్కుకు అందదు. గట్టు చేరిన తరువాత వాటి ఎదురుగా కనబడేది లేత కంది చిగురు.

ఇక మూత్రంలో ఏమున్నదో చూద్దాం. అందులో దాదాపు 95 శాతం నీళ్లే. మిగిలిన దానిలో ముఖ్యమైనవి యూరియా, ఉప్పు. నేలలోని సూక్ష్మజీవులు యూరియాను విరగ్గొట్టి అమోనియాగా మారుస్తాయి, ముక్కును కొట్టే ఆ ఘాటు గాలిలో కలిసిపోతుంది. ఏ జంతువు మూత్రమైనా నిలవ ఉంటే ఇదే ఘాటు వస్తుంది కనుక అది మనిషికి ప్రత్యేకమైన గుర్తేమీ కాదు. పోతే పరిమాణం లెక్క చూడండి. మూడెకరాల చేను చదరంగా ఉందనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 440 మీటర్లు. నలుగురున్న కుటుంబంలో ఒక్కొక్కరికి రోజుకు లీటరున్నర చొప్పున ఆరు లీటర్లు పోగుచేసినా మీటరు గట్టుకు 14 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాలకు కాస్త తక్కువే వస్తుంది. దానికోసం ఇంటిల్లిపాదీ, వయసులో ఉన్న ఆడపిల్లలతో సహా, డబ్బాల్లో పట్టిపెట్టవలసిన అవస్థను నేను కళ్లారా చూశాను. నాకు కోపం వచ్చేది ఆ కుటుంబాల మీద కాదు, తెలిసీ తెలియని ఈ మాటను ధీమాగా చెప్పి పంపినవారి మీద.

మర్రిపాడు వైపు ఒక రైతు చేనులో నేను రాత్రి కెమెరా పెట్టాను. ఆయన పదకొండు రాత్రులు క్రమం తప్పకుండా గట్టు వెంట మూత్రం పోశారు. మొదటి రాత్రి దుప్పులు గట్టు దగ్గర మెడలు సాచి, కాలు నేలకు తాటించి వెనక్కి పోయాయి. ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. మూడో రాత్రి మంద గట్టు దాటింది. ఆరో రాత్రి ఒక ఆడదుప్పి మూత్రం పడిన మట్టిని తీరిగ్గా నాకుతూ కనబడింది. ఆ చిత్రం చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గడ్డీ ఆకూ తిని బతికే జంతువులకు మేతలో సోడియం చాలదు, అందుకే అవి ఉప్పు నేలలను వెతుక్కుంటూ పోతాయి. మన మూత్రంలోని ఉప్పు వాటికి అటువంటి నేలనే చేతికందిస్తుంది. అమెరికాలో ఒలింపిక్ జాతీయ ఉద్యానవనంలో కొండమేకలు నడకదారి పక్కన యాత్రికులు పోసిన మూత్రం కోసం, వారి చెమట ఉప్పు కోసం మనుషుల వెంట పడడం పెద్ద సమస్యగా మారింది. 2010లో ఒక కొండమేక ఒక యాత్రికుణ్ణి పొడిచి చంపింది. 2018 నుంచి వందల మేకలను అక్కడి నుంచి హెలికాప్టర్లలో తరలించవలసి వచ్చింది. సైబీరియాలో రెయిన్‌డీర్లను పెంచేవారికి కూడా ఆ జంతువులు మనిషి మూత్రానికి ఎగబడతాయని తరతరాలుగా తెలుసు. అంతేకాక, పలచగా పడిన మూత్రం నేలకు నత్రజని ఎరువు. దానితో గట్టు మీద మొలిచే పచ్చటి లేత గడ్డి దుప్పులకు మరో పిలుపు అవుతుంది.

మరి "మా బావమరిది చేనులో పనిచేసింది సార్" అనేవారు అబద్ధమాడుతున్నారా? లేదు. కొత్త వాసన ఏదైనా జింక రెండు మూడు రోజులు అనుమానిస్తుంది. పైగా మూత్రం పోయడానికి రైతు ప్రతి సాయంత్రం గట్టు వెంట తిరుగుతాడు. ఆ తిరగడమే, ఆ మనిషి అలికిడే ఆ రాత్రికి కొంత రక్షణ. మంద పక్క చేనుకు మళ్లి ఉండవచ్చు, కొండ మీద వాన పడి మేత మొలిచి ఉండవచ్చు. పేరు మాత్రం మూత్రానికి దక్కుతుంది. ప్రమాదం వెంట రాని వాసనకు జంతువు అలవాటు పడిపోతుంది. మద్రాసు ఐఐటీ ఆవరణలో దుప్పులు, కృష్ణజింకలు వేలమంది విద్యార్థుల మధ్యనే మేస్తున్నాయి. రాత్రింబవళ్లు మనిషి వాసనలోనే పుట్టి పెరిగే ఆ జింకలకు దానివల్ల వచ్చిన కీడేమీ లేదు.

ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం చెబుతాను. మూత్రం మీద నమ్మకం పెట్టుకున్న రైతు పది రోజులు పోగొట్టుకుంటాడు, ఆ పది రోజుల్లో పూత పోతుంది, అప్పు తెచ్చిన మనిషికి కంటి మీద కునుకు ఉండదు. ఆ స్థితిలో ఎవరో కరెంటు తీగ మాట చెబుతారు. స్తంభం నుంచి నేరుగా తీగ లాగి గట్టు చుట్టూ కడతారు. కొన్నేళ్ల కింద నాకు బాగా తెలిసిన ఒక ఊరిలో సరిగ్గా ఇదే వరసలో జరిగింది. ముందు మూత్రం, తరువాత గట్టు మీద మంగలి షాపు వెంట్రుకలు, చివరికి తీగ. తెల్లవారుజామున మోటారు వేయడానికి వచ్చిన పక్క చేను రైతు ఆ తీగ తగిలి చనిపోయాడు. తీగ కట్టినవాడు దుర్మార్గుడేమీ కాదు, ఆ ముందువారమే నాతో కన్నీళ్లు పెట్టుకున్న మనిషి. చట్టప్రకారం తీగకు గానీ ఉచ్చుకు గానీ అడవి జంతువు చనిపోతే అది వేట కిందికే వస్తుంది. చనిపోయినది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక అయితే, ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలు కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. "నేను పంట కాపాడుకున్నాను, వేటాడలేదు" అన్న మాట అక్కడ నిలవదు.

సోలార్ కంచెకూ ఈ కరెంటు తీగకూ పోలిక లేదు. సోలార్ కంచెలో యంత్రం సెకనుకు ఒకసారి చొప్పున రెప్పపాటుకన్నా తక్కువసేపు దెబ్బ కొట్టి ఆగుతుంది కనుక తగిలిన ప్రాణి వెనక్కి దూకగలుగుతుంది. స్తంభం నుంచి లాగిన తీగలో 230 వోల్టులు ఆగకుండా పారుతుంటాయి, పట్టుకున్న కండరం వదలదు.

మిగిలిన అపోహలను క్లుప్తంగా ముగిస్తాను.

మంగలి షాపుల నుంచి తెచ్చిన వెంట్రుకలు అడవిపంది విషయంలో కొంత పనిచేస్తాయి, ఎందుకంటే పంది నేలను మూతితో తవ్వుతూ ముందుకు పోతుంది, వెంట్రుకలు ముక్కులోకి పోయి చికాకు పెడతాయి. తల ఎత్తి చిగుళ్లు కొరికే దుప్పికి ఆ బాధే లేదు. పందికి చెప్పిన ఉపాయాన్ని జింకకు వాడి మోసపోకండి.

సీసాల్లో అమ్మే "పులి మూత్రం" కొనకండి. మాంసాహారుల మూత్రంలో మాంసం అరిగినందువల్ల వచ్చే గంధకపు వాసనలకు మేత జంతువులు కొంత వెనకాడే మాట నిజమే, అయితే మనకు అమ్మేది అదేనన్న భరోసా లేదు, అసలుదైతే అమ్మడమే నేరం. పులి తన హద్దును గుర్తు పెట్టడానికి చిమ్మే ద్రవంలో బాసుమతి బియ్యానికి సువాసననిచ్చే పదార్థమే ఉంటుంది. ఆ సీసాల్లోది మాత్రం నేను వాసన చూసినంతవరకు వట్టి అమోనియా.

మగదుప్పి ఆడదాని మూత్రం వాసన చూసి పెదవి పైకి మడవడం చూసి, వాటికి మూత్రమే భాష గనుక మన మూత్రం కూడా అర్థమవుతుందని వాదించేవారున్నారు. ఆ భాష వాటి జాతిలోపలిది, ఆడదాని ఎద సంగతి తెలుసుకోవడానికి పనికివచ్చేది.

నెలసరి సమయంలో ఆడవాళ్లు చేనులోకి వస్తే ఆ వాసనకు జంతువులు వస్తాయన్న మాటకు ఏ ఆధారమూ లేదు. భర్త పోయి ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న ఒక తల్లిని ఈ మాటతో నెలకు అయిదు రోజులు ఆమె సొంత చేను కాపలాకే పోనివ్వకుండా ఆపారు. ఆ అయిదు రోజుల్లోనే ఆమె పంట ఎక్కువగా పోయింది, తప్పు మళ్లీ ఆమె మీదికే వచ్చింది. అమ్మా, మీరు ఇది చదువుతుంటే, నిశ్చింతగా మీ చేనుకు వెళ్లండి.

మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి వదిలేస్తుందన్నది కూడా నిజం కాదు. దుప్పి తన పిల్లను మొదటి రోజుల్లో పొదలో కదలకుండా పడుకోబెట్టి మేతకు పోతుంది, పాలివ్వడానికి తిరిగి వస్తుంది. కలుపు తీస్తూ పిల్లను చూసినవారు తాకకుండా దూరం జరగండి. పొరపాటున ఎత్తుకున్నా వెంటనే అక్కడే పెట్టేయండి, ఇంటికి తెచ్చి గేదెపాలు పోస్తే విరేచనాలతో చచ్చిపోయే ప్రమాదమే ఎక్కువ. గాయం ఉంటే అటవీ శాఖ బీటు అధికారికి చెప్పండి.

ఇక ఏమి చేయాలి అన్నదానికి నేను చెప్పేది ఖర్చును బట్టి మారుతుంది. స్తోమత ఉంటే ఎనిమిది అడుగుల వల లేదా కంచె అన్నిటికన్నా నమ్మకమైనది. నలుగురు కలిసి పక్కపక్క చేలకు ఒకే సోలార్ కంచె వేసుకుంటే తలా కొంత పడుతుంది, అయితే తీగకు గడ్డి తగలకుండా వారానికొకసారి కోయవలసిందే. ఆ స్తోమత లేనివారు చుట్టూ ఆముదం వరసలు వేసుకోవచ్చు. కుళ్లిన కోడిగుడ్ల ద్రావణాన్ని అంచు వరసల ఆకుల మీద పిచికారీ చేయడం మూత్రంకన్నా ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే ఆ గంధకపు కంపు జంతువు కొరికే ఆకు మీదనే ఉంటుంది. వాన పడితే మళ్లీ కొట్టాలి, కోతకు దగ్గరపడిన కాయకూరల మీద కొట్టకూడదు. చీరల కంచె, మెరిసే రిబ్బను, దీపం వంటివి ఒక్కొక్కటి కొద్ది రోజులు పనిచేస్తాయి గనుక చోటు మారుస్తూ, ఒకదాని తరువాత ఒకటి వాడండి. మంచె మీద కాపలా ఉండేవారు ఒకే వేళకు, ఒకే దారిన తిరగకుండా వేళలు మార్చుకోండి, కొండ వైపు గట్టుకు ఆనుకుని ఉన్న పొదలు కొట్టేయండి. పంట పోయినప్పుడు అడుగుజాడలతో సహా ఫొటోలు తీసుకుని, చేను దున్నకముందే అటవీ రేంజి కార్యాలయంలోనూ గ్రామ సచివాలయంలోనూ అర్జీ ఇవ్వండి. దున్నేసిన చేనులో నష్టం నేను కూడా లెక్కగట్టలేను.

మర్రిపాడు రైతు ఈసారి చుట్టూ రెండు వరసల ఆముదం వేసి, అంచు కందికి గుడ్ల ద్రావణం కొట్టారు. అక్కడక్కడ కొరికిన మొక్కలున్నాయి, పూత మాత్రం నిలిచింది. మూత్రం పట్టిన డబ్బాలు ఇప్పుడు ఆయన ఇంటి వెనక నిమ్మచెట్ల పాదుల దగ్గర ఉన్నాయి. పదింతలు నీళ్లు కలిపి చెట్లకు పోస్తున్నారు.