కిటికీ మూసిన గదిలో దగ్గు

తల్లీ, కన్నా,

మొన్న ఫోన్‌లో మీరడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ ఇంట్లో పనిచేసే అక్క రెండు వారాలుగా దగ్గుతోందని, టీబీ అయితే మందులు ఫ్రీ కదా, ఆస్పత్రికి ఎందుకు వెళ్లదని అడిగారు.

ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ నా పని తెమడ పరీక్ష. స్లైడ్ మీద పల్చగా పూసి, రంగులు పట్టించి మైక్రోస్కోప్ కింద పెడితే, నీలం మధ్యలో సన్నటి ఎర్ర గీతలు కనిపించేవి. 1882లో రాబర్ట్ కాక్ కనిపెట్టిన క్రిమి అదే. అది మేడలో మనిషిదో గుడిసెలో మనిషిదో ఆ గీతల్ని చూసి చెప్పలేం. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లని చూస్తే మాత్రం తెలిసిపోయేది. ఎక్కువమంది కూలీలే.

టీబీ వచ్చిన ఒక తాపీ కూలీ ఇంటికి వెళ్లాను. ఒకటే గది, ఆరుగురు మనుషులు. ఉన్న ఒక్క కిటికీలో దోమలు రాకుండా గోనెసంచి కుక్కారు. టీబీ గాలిలోంచే అంటుతుంది. గాలి ఆడని గదిలో దగ్గు తుంపరలు గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఆయన పక్కనే చిన్న కూతురు పడుకునేది.

ఆరు నెలలు వాడాల్సిన మందులు ఆయన రెండో నెలకే ఆపేశాడు. దగ్గు తగ్గింది, ఒంట్లో ఓపిక వచ్చింది. ఆస్పత్రికొస్తే బస్సు ఛార్జీలు, పైగా ఆ రోజు కూలి పోతుంది. మేస్త్రీకి తెలిస్తే పనికి పిలవడని భయం. మధ్యలో మానేస్తే జబ్బు మందులకి లొంగకుండా మొండికేస్తుంది. అప్పట్లో మేము "వీళ్లు మాట వినరు" అని విసుక్కునేవాళ్లం. అది ఎంత అన్యాయమో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంక తిండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ రోగుల్ని ఉంచే ఆస్పత్రి, పెట్టిన కొత్తలో టీబీకి మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా భోజనం, అదే వైద్యం. మందులొచ్చాక ఆ భోజనం సంగతి వెనకపడింది. ఈ మధ్య జార్ఖండ్‌లో పెద్ద అధ్యయనం చేశారు, ఫలితాలు 2023లో వచ్చాయి. రోగులందరికీ తిండి సాయం ఇచ్చి, కొన్ని చోట్ల ఇంట్లో మిగతావాళ్లకి కూడా, పెద్దవాళ్లకైతే నెలకి తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. వాళ్లలో కొత్తగా టీబీ వచ్చినవాళ్లు దాదాపు 40 శాతం తగ్గారు. బియ్యం, పప్పు! నేనీ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకి 500 రూపాయలు వేసేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. మంచిదే, కానీ పోయిన కూలికి అది ఏ మూలకి?

అందుకే అమ్మతో చెప్పండి. ఆ అక్కని పనిలోంచి తీసేయొద్దు, పరీక్షకి వెళ్లే రోజు జీతం కోయొద్దు. పొద్దున్న లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా దగ్గి తెమడ తీయమనండి. ఉమ్ము ఇస్తే పనికిరాదు. రిపోర్టు సంగతి ఆవిడ చెబితేనే వినండి, అపార్ట్‌మెంట్‌లో ఎవరి దగ్గరా అనకండి.

మీ తాతయ్య