బోర్లించిన కుండ మీద ముగ్గు

ఈజిప్టు ఒక పౌండు నోటు మీద మసీదు బొమ్మ ఉంటుంది. కైరోలో ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తాను ఖాయిత్‌బాయ్ 1474 నాటికి కట్టించుకున్న సమాధి, మసీదుల సముదాయం అది. చరిత్ర ఇంతటితో చాలు. నా కళ్లన్నీ దాని గుమ్మటం మీదే. ఆ రాతి వంపు నిండా నక్షత్రాల అల్లిక చెక్కి ఉంది.

ఇందులో వింతేముంది అంటారా? వాకిట్లో వేసే చుక్కల ముగ్గును ఓసారి బోర్లించిన కుండ మీద వేసి చూడండి. కుండ నడుము దగ్గర చుక్కలు ఎడంగా, హాయిగా కూర్చుంటాయి. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తరిగిపోతుంది. అర్ధగోళమే అనుకుంటే, 60 డిగ్రీలు పైకి ఎక్కేసరికి సరిగ్గా సగం. వరుసలో చుక్కలు మాత్రం అన్నే! కింద ఒద్దికగా ఉన్న నక్షత్రం పైన నలిగిపోతుంది.

అంతకుముందరి సుల్తాను ఫరజ్ ఇబ్న్ బర్ఖూక్ కాలంలో, అంటే 1411 నాటికి, కైరో శిల్పులు గుమ్మటాల మీద మెలికల గీతలు చెక్కి ఈ చిక్కును దాటేశారు. మెలికను నొక్కితే దాని మడత కాస్త బిగుసుకుంటుంది, అంతే. నక్షత్రానికి ఆ వెసులుబాటు లేదు. దాని కొనలు పక్కవాటి కొనలతో కలవాలి. 1432 నాటి సుల్తాను బర్స్‌బాయ్ గుమ్మటం మీద నక్షత్రాలే చెక్కారు గానీ, పైభాగంలో అల్లిక ఇరుకున పడింది.

ఖాయిత్‌బాయ్ శిల్పి లెక్కను తలకిందులు చేశాడు. ముగ్గును శిఖరం నుంచి మొదలుపెట్టాడు. అక్కడ 16 కొనల పెద్ద నక్షత్రం ఒక్కటే. గీతలు ఎలాగూ శిఖరం దగ్గర కూడుకోక తప్పదు కదా, ఆ కూడలినే నక్షత్రానికి నడిబొడ్డు చేశాడు! ఈ నక్షత్రాలకు మహిమలు అంటగట్టేవాళ్లున్నారు. మహిమంతా వంపుదే.

చదునైన నమూనాను సాగదీయకుండా గోళానికి తొడగలేమని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లో రుజువు చేశాడు. షడ్భుజాలతోనే బంతిని కప్పలేం. అందుకే 32 ముక్కల ఫుట్‌బాల్‌లో 20 షడ్భుజాల నడుమ 12 పంచభుజాలు. బడిలో మాత్రం త్రిభుజ కోణాల మొత్తం 180 డిగ్రీలని వేదంలా వల్లె వేయించారు. గ్లోబు మీద ధ్రువం నుంచి 90 డిగ్రీల ఎడంతో రెండు గీతలు భూమధ్యరేఖ దాకా దించితే మొత్తం 270 వస్తుందని ఒక్కరూ చూపలేదు.

ఖాయిత్‌బాయ్ గుమ్మటం మీద నక్షత్రాల పట్టీలు నున్నగా ఉంటాయి. వాటి మధ్య పాకే ఆకుతీగలకు నడుమ గాడి ఉంటుంది. అందువల్ల ఎండలో రెండూ వేరువేరుగా తెలుస్తాయి. తీగకు కోణాల పట్టింపు లేదు. నక్షత్రాలు వదిలిన మూలల్లోకల్లా అది దూరి కూర్చుంది.