రిజర్వు సర్వీసు రికార్డులో తప్పులు: అపోహలు - వాస్తవాలు

"డిశ్చార్జి పుస్తకంలో అంతా సరిగ్గానే ఉంది కదా, మళ్ళీ రికార్డ్ ఆఫీసుకు రాయడం ఎందుకు?" ఒంగోలులో నా దగ్గరకు కాగితాలు తెచ్చే రిజర్విస్టుల కుటుంబాలు దాదాపు అన్నీ అడిగే ప్రశ్న ఇది. ఆ పెద్దల్లో ఎక్కువమంది 1960లలో సైన్యంలో చేరి, ఏడేళ్ళో తొమ్మిదేళ్ళో కలర్ సర్వీసు (యూనిట్‌లో ఉండి చేసే సర్వీసు) చేసి, మిగిలిన గడువును రిజర్వులో, అంటే ఇంటి దగ్గర ఉంటూ పిలిస్తే వెళ్ళవలసిన స్థితిలో, పూర్తిచేసినవారు. ఇప్పుడు వారికి ఎనభై అటూ ఇటూగా ఉంటాయి. కాగితాల సంచి కొడుకు చేతిలోనో మనవడి చేతిలోనో ఉంటుంది. రిజర్విస్టు పింఛను కోసం అర్జీ పెట్టుకుంటే "మీ సర్వీసు ఏడేళ్ళు మాత్రమే" అని జవాబు వస్తుంది. ఆ జవాబు పట్టుకుని తెలిసినవాళ్ళను అడిగితే తలా ఒక మాట చెబుతారు, ఆ మాటలు నమ్మి మరికొంత కాలం పోగొట్టుకుంటారు. ఒక రికార్డ్ ఆఫీసులో క్లర్కుగా చాలాకాలం పనిచేసి వచ్చినవాణ్ణి గనుక, బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డిశ్చార్జి పుస్తకమే రికార్డు.

వాస్తవం: డిశ్చార్జి పుస్తకం విడుదలప్పుడు మన చేతికి ఇచ్చిన పత్రం మాత్రమే. అసలు రికార్డు షీట్ రోల్ (ఒక్కొక్కరి సర్వీసు వివరాల పత్రం)గా, లాంగ్ రోల్‌గా మన రెజిమెంటుకో కోర్‌కో చెందిన రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. అర్జీ చేరినప్పుడు అక్కడి క్లర్కు తీసి చూసేది ఆ రోల్‌నే గాని మన ఇనప్పెట్టెలోని పుస్తకాన్ని కాదు. పుస్తకంలో ఒక తేదీ, రోల్‌లో మరో తేదీ ఉంటే, రికార్డ్ ఆఫీసు తన ఉత్తర్వుతో సరిచేసేదాకా రోల్‌లోని తేదీయే చెల్లుతుంది.

ఈ తేడా మిగతా సైనికులకంటే రిజర్విస్టులకు ఎక్కువ నష్టం చేస్తుంది. యూనిట్ నుంచి నేరుగా పింఛనుతో వచ్చినవారికి విడుదల తేదీ ఒక్కటే. రిజర్విస్టుకు రెండు తేదీలుంటాయి: కలర్ సర్వీసు ముగించి రిజర్వుకు బదిలీ చేసిన తేదీ ఒకటి, రిజర్వు గడువు కూడా తీరి పూర్తిగా విడుదల చేసిన తేదీ మరొకటి. మొదటి తేదీ నాటికి మనిషి యూనిట్‌లోనే ఉంటాడు గనుక ఆ నమోదు సాధారణంగా తప్పిపోదు. రెండో తేదీ నాటికి ఆయన పొదిలిలోనో ఉదయగిరిలోనో సేద్యం చేసుకుంటూ ఉంటాడు, విడుదల కాగితాల మీదే జరిగిపోతుంది. నమోదు జారిపోయేది ఎక్కువగా అక్కడే. అలా జారిపోయినప్పుడు, 1963లో చేరి 1978లో పూర్తిగా విడుదలైన మనిషి 1970లోనే సైన్యంతో సంబంధం తెంచుకుని ఇంటికి వచ్చినట్టు కనిపిస్తాడు. పదిహేనేళ్ళు లెక్కకు రావలసిన చోట ఏడేళ్ళే వస్తాయి.

దీనికి తోడు, పింఛను లేకుండా విడుదలైనవారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ళు దాచి, ఆ తర్వాత ధ్వంసం చేయడానికి సైన్యం నిబంధనల్లోనే వీలుంది. అంటే 1978లో వచ్చినవారి షీట్ రోల్ 2003 తర్వాత ఉండకపోవచ్చు. మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టరు. అందులో నంబరు, పేరు, చేరిన తేదీ, విడుదల తేదీ వంటి ముక్తసరి వివరాలే ఉంటాయి. ఆ స్థితిలో మన డిశ్చార్జి పుస్తకానికి విలువ పెరుగుతుంది, అయితే రికార్డుగా కాదు, సాక్ష్యంగా. ఈ తేడా తెలియకనే మనవాళ్ళు చేయరాని పనులు చేస్తున్నారు.

వాటిలో మొదటిది పుస్తకం మీద కలం పెట్టడం. మసకబారిన తేదీని స్పష్టంగా కనబడాలని కొత్త సిరాతో దిద్దినవారున్నారు. భార్య పేరులో ఒక అక్షరం తప్పుంటే తామే కొట్టేసి పైన రాసినవారున్నారు. ఉద్దేశంలో మోసం లేకపోవచ్చు. కాని దిద్దుడు కనిపించిన పుస్తకాన్ని ఏ అధికారీ నమ్మడు, ఆ ఒక్క పేజీతోపాటు మిగిలిన పేజీల మీద కూడా అనుమానం పడుతుంది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ఇంటివాళ్ళే చెడగొట్టుకున్నారని చెప్పవలసి రావడం ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టమైన సంగతి. లామినేషన్ కూడా చేయించవద్దు. సిరా ఎప్పటిదో, ముద్ర అసలుదో కాదో పరీక్షించడానికి వీలుండదు.

రెండోది, పుస్తకాన్ని పూర్తిగా చదవకపోవడం. రాచర్ల వైపు నుంచి, 1970లోనే సైన్యం వదిలి వచ్చేసినట్టు లెక్కకట్టిన ఒక పెద్దాయన వచ్చారు. "అబ్బయ్యా, యుద్ధానికి మళ్ళా పిలిస్తే పోయినా గదా, ఏడేండ్లేనంటారేంది?" అన్నది ఆయన బాధ. బ్యాంకుకు, కలెక్టరు గ్రీవెన్సుకు, ఢిల్లీకి పెట్టిన అర్జీల నకళ్ళు ఒక కట్టగా ఉన్నాయి. అన్నింటిలోనూ పింఛను ఇప్పించమన్న ప్రార్థనే గాని, రికార్డులో ఏ నమోదు తప్పో ఒక్క ముక్క లేదు. నేను పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చూస్తూ పోగా, పతకాల పేజీలో వెలిసిపోయిన నీలి సిరాతో సంగ్రామ్ మెడల్ అని ఒక వరుస, దాని పక్కన అధికారి పొట్టి సంతకం, సగం మాత్రమే పడిన గుండ్రటి ముద్ర కనిపించాయి. సంగ్రామ్ మెడల్ 1971 యుద్ధానికి సంబంధించినది. 1970లోనే సైన్యంతో సంబంధం తెగిపోయిన మనిషికి ఆ పతకం రాదు. అంటే 1970 తర్వాత ఆయన రిజర్వులో ఉన్నారు, అక్కడి నుంచి పిలిపించారు. ఆ పేజీని ఆయన కొడుకు పతకాల ముచ్చటగా అనుకున్నాడే తప్ప సాక్ష్యంగా అనుకోలేదు. సమాచార హక్కు కింద లాంగ్ రోల్ నకలు తెప్పిస్తే రిజర్వు బదిలీ నమోదు అందులోనూ ఉంది. ఈ రెండింటినీ జతచేసి, పింఛను ఊసెత్తకుండా, ఫలానా నమోదును సరిచేయమని మాత్రమే రాశాము. రికార్డ్ ఆఫీసు రిజర్వు కాలాన్ని అంగీకరిస్తూ జవాబిచ్చింది. పింఛను అర్జీ ఆ తర్వాత వేరుగా వెళ్ళింది.

అందువల్ల నేను ప్రతివారికీ చెప్పే క్రమం ఇదే: ముందు రికార్డు, తర్వాత పింఛను. తప్పు రికార్డు మీద పింఛను అడిగితే తిరస్కరణ వస్తుంది, ఆ తిరస్కరణ ఫైల్లో నిలిచిపోతుంది, తర్వాత పెట్టే ప్రతి అర్జీకీ "ఇదివరకే జవాబిచ్చాము" అన్న ఒక వాక్యమే బదులుగా వస్తుంది.

పుస్తకమే పోయినవారు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. సర్వీసు నంబరు ఒక్కటి తెలిసినా లాంగ్ రోల్ వెదకవచ్చు. రిజర్వు శిక్షణకు రమ్మని వచ్చిన ఉత్తరం, రైల్వే వారెంటు ముక్క, మనియార్డరు కూపను, పతకం అంచున చెక్కిన నంబరు, ఇవన్నీ ఆ కాలపు సాక్ష్యాలు. ఇప్పుడు నోటరీ దగ్గర రాయించే అఫిడవిట్ కన్నా ఆనాటి చిన్న చీటీకే బరువెక్కువ. పాత ట్రంకుపెట్టెల్లో చెత్తగా కనిపించే కాగితాలను దయచేసి పారేయకండి.

అపోహ: రిజర్వు కాలం రికార్డుకెక్కితే పింఛను వచ్చేసినట్టే.

వాస్తవం: ఈ మాట వాట్సాప్‌లో తిప్పేవారికి ఎన్నిసార్లు చెప్పినా వినరు. 1961 నాటి సైనిక పింఛను నిబంధనల్లో 155వ నిబంధన ప్రకారం, సర్వీసు పింఛను పొందని రిజర్విస్టుకు కలర్, రిజర్వు కాలాలు కలిపి నిర్ణీత సర్వీసు పూర్తికావాలి, అది పదిహేనేళ్ళకు తక్కువ ఉండకూడదు. పింఛనుకు బదులు గ్రాట్యుటీ కోరుకునే వీలు కూడా అందులోనే ఉంది. రిజర్వు నుంచి విడుదలయ్యేటప్పుడు ఒకసారి ఆ ఎంపిక చేసుకుంటే అదే ఖాయం. కాబట్టి ఆనాడు చేతికొచ్చిన మొత్తం ఏమిటో, దేనికి సంతకం పెట్టారో ముందు గుర్తు తెచ్చుకోవాలి. నావికాదళం సంగతి వేరు. అక్కడ నావికుల రిజర్వు అయిన ఫ్లీట్ రిజర్వును 1976లో ఆపేశారు. ఆ తర్వాత రిజర్వులోకి తీసుకోని నావికులకు రిజర్విస్టు పింఛను హక్కు లేదని టి.ఎస్. దాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. నియామక పత్రంలో పదేళ్ళ రిజర్వు అని రాసి ఉందని చూపించి డబ్బు గుంజే మధ్యవర్తులు ఈ తీర్పు గురించి మాత్రం చెప్పరు.

అపోహ: హక్కు ఉన్నది ఎక్కడికీ పోదు, తీరిక చూసుకుని అడగవచ్చు.

వాస్తవం: హక్కు నిలిచినా బకాయి నిలవదు. పింఛను వంటి నెలనెలా వచ్చే హక్కుల్లో ఆలస్యంగా వచ్చినవారి కేసు వినవచ్చునని, అయితే బకాయిలను సాధారణంగా కోర్టుకు రావడానికి ముందు మూడేళ్ళకే పరిమితం చేయాలని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆగిన ప్రతి ఏడాదీ వెనక నుంచి ఒక ఏడాది రాలిపోతుంది. రికార్డ్ ఆఫీసు తుది తిరస్కరణ ఇస్తే సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, దానికి ఆరు నెలల గడువుంది. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది.

డబ్బుకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. మనిషి బతికుండగా ఆయన సంతకం, వేలిముద్ర, ఆయన జ్ఞాపకం ఉంటాయి. ఏ యూనిట్, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగితే తడుముకోకుండా చెప్పే పెద్దలు చాలామంది ఉన్నారు. ఆయన పోయాక భార్య తానెవరో రుజువు చేసుకోవడంతో మొదలుపెట్టాలి. భార్య పేరు రికార్డులో లేకపోయినా, తప్పుగా ఉన్నా, మిగిలినవన్నీ పక్కనబెట్టి ముందు దాన్ని నమోదు చేయించండి. వచ్చిన ముసలమ్మలను ఏమీ అనలేను; చెప్పవలసింది ఆనాడు "చూద్దాంలే" అన్న మగవాళ్ళకు.

అపోహ: పేరు కలవకపోతే ఆధార్ మార్చేసుకుంటే చాలు.

వాస్తవం: ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది, తొందరపడి ఆ అవకాశాన్ని వాడేసుకోవద్దు. సైనికుడి పుట్టినతేదీ చేరినప్పుడు రాసిందే ఖాయమని సైన్యం పట్టుబడుతుంది, విడుదలైన తర్వాత దాన్ని మార్చమని అడగడం వృథా, కాబట్టి అక్కడ ఆధారే రికార్డుకు తగ్గట్టు మారాలి. పేర్ల విషయం వేరు. ఉత్తరాది క్లర్కు చెవికి పెంచలయ్య పంచాలయ్యగా వినబడి ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడి ఉంటుంది. అఫిడవిట్, ఒక తెలుగు పత్రికలోనూ ఒక ఇంగ్లీషు పత్రికలోనూ ప్రకటన, గుర్తింపు కార్డుల నకళ్ళు ఇలాంటివాటికి మామూలుగా అడుగుతారు.

అపోహ: రికార్డులో జిల్లా పేరు తప్పుగా ఉంది, ముందు దాన్ని దిద్దించాలి.

వాస్తవం: తప్పు కాదు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో, ప్రకాశం అన్న పేరు వచ్చింది 1972లో. అంతకు ముందు చేరినవారిలో కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు వారికి నెల్లూరు అని, మార్కాపురం, గిద్దలూరు వారికి కర్నూలు అని, ఒంగోలు, అద్దంకి వారికి గుంటూరు అని ఉండడమే సరి. తహసీల్దారు ఇచ్చే ధ్రువీకరణ ఒకటి జతచేస్తే చాలు.

అపోహ: సికింద్రాబాద్ వెళ్తే అన్నీ అక్కడే తేలిపోతాయి.

వాస్తవం: ఇ.ఎం.ఇ. (యంత్రాల మరమ్మతు చూసే కోర్), ఆర్డినెన్సు కోర్ (ఆయుధ సామగ్రి సరఫరా చూసేది) వారివి తప్ప మిగిలినవి అక్కడ తేలవు. మద్రాసు రెజిమెంటు రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీవి నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, మద్రాసు ఇంజనీర్ గ్రూపువి బెంగళూరులో ఉంటాయి. మనిషి వెళ్ళనక్కరలేదు, స్పీడ్ పోస్టు సరిపోతుంది. బ్యాంకుకు, కలెక్టరుకు, ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయానికి రికార్డు దిద్దే అధికారం లేదు. అర్జీ తిరిగి తిరిగి రికార్డ్ ఆఫీసుకే చేరుతుంది.

అపోహ: సమాచార హక్కు అర్జీ వేస్తే భయపడి దిద్దుతారు.

వాస్తవం: పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఉన్న కాగితం నకలు వస్తుంది, అంతే. అది చాలా విలువైనదే, కాని దిద్దుబాటు అర్జీ వేరే పెట్టుకోవాలి.

అపోహ: టెరిటోరియల్ ఆర్మీ, రిజర్వు ఒకటే.

వాస్తవం: కాదు. టెరిటోరియల్ ఆర్మీ వేరే పని చేసుకునేవారు స్వచ్ఛందంగా చేరే దళం. అక్కడ పింఛను లెక్కకు వచ్చేది ఎంబాడీడ్ సర్వీసు (పిలిచి విధుల్లో ఉంచిన కాలం) మాత్రమే.

అర్జీ మీద సర్వీసు నంబరు, ర్యాంకు, చేరినప్పటి పేరు యథాతథంగా రాసి, ఏ పేజీలో ఏ నమోదు తప్పో, ఏమని ఉండాలో ఒక్కొక్క వరుసలో చెప్పి, పుస్తకం అసలు ప్రతిని కాక నకళ్ళను పంపండి. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో అధికారి అసలు ప్రతితో సరిచూసి నకళ్ళ మీద సంతకం చేస్తారు. ఆ సంతకానికి రుసుము ఏమీ లేదు.